కళాయికి వెళ్ళిన గుండిగ

ఒకటో తారీకు వచ్చిందంటే జగన్నాధానికి పొదుపు గుర్తొస్తుంది.

మొదటి నెల టీలో పంచదార మాన్పించాడు. రెండో నెల రెండో కూర. మూడో నెల పెరుగు మజ్జిగైంది, నాలుగో నెల మజ్జిగ నీళ్ళైంది. ఎనిమిదో నెలకి ఇంట్లో మానడానికి ఉప్పొక్కటే మిగిలింది.

ప్రతిసారీ దాలమ్మ తల ఊపింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఎదురు చెప్పని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆ ఊపు చూడగానే అతను చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

మిగిల్చిన డబ్బు నెలకి నాలుగు వందల యాభై. అది నేరుగా 'నూటికిమూడు' జోగయ్య చేతిలోకి పోయేది, వడ్డీ కింద.

అరసవల్లి గుడి దారిలో జగన్నాధానిది కొబ్బరికాయల బడ్డీ. దాని పక్కన చెరుకు రసం మిషను పెడితే లక్షలని దేవేంద్ర అనే పెద్దమనిషి చెప్పాడు. నువ్వు మిషను కొను, నేను తిప్పుతానన్నాడు. రెండు రోజులు తిప్పి విశాఖ వెళ్ళిపోయాడు. మిషను కోసం జోగయ్య దగ్గర తెచ్చిన పదిహేను వేల అప్పు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ పదిహేను వేలకి తాకట్టు దాలమ్మ పుట్టింటి గుండిగ. పాతిక కిలోల ఇత్తడి, బుడితి ఊరి పని. అంచు మీద ఆవిడ పేరు చెక్కి ఉంది. కళాయి పూయించడానికి ఇచ్చానని జగన్నాధం ఇంట్లో చెప్పాడు.

నిజం చెప్పే దారి లేదు. వెనకటి అప్పుని దాలమ్మే తన చెవి కమ్మలు అమ్మి తీర్చింది. ఆనాడే చెప్పింది, ఇంకొక్క అప్పు చేస్తే బొబ్బిలిలో అన్నయ్య దగ్గరికి పోతానని.

అది చాలదన్నట్టు, టోకున కాయలిచ్చే తాయారు పాతబాకీ పదిహేను వేలు కట్టకపోతే సోమవారం నుంచి కాయ వెయ్యనంది. ఆ సంగతి మరిచిపోవాలని అతను గట్టిగా ప్రయత్నిస్తున్నాడు.

గురువారం అన్నం వడ్డిస్తూ దాలమ్మ అంది.

"మావా, ఆదివారం మా అక్క లక్ష్మణమ్మ మనవడికి అన్నప్రాశన. పులిహోర మన గుండిగలోనే కలపాల. ఎప్పుడు తెస్తావు?"

"కళాయి ఆడు ఇంకా..."

"ఎనిమిది నెల్లయింది. పూస్తన్నాడా, నాకుతన్నాడా?"

"మంచి పనోడే. నిదానంగా సేస్తాడు."

"అలగైతే ఆడిల్లు ఎక్కడో సెప్పు. నానే ఎల్తాను."

జగన్నాధం ముద్ద కంచంలో పెట్టేశాడు. "శనివారానికి తెస్తాను."

"తే. లేదంటే ఆదివారం పొద్దున్నే నాను బొబ్బిలి బస్సెక్కుతాను." గొంతు పెంచలేదు. మజ్జిగ నీళ్ళు పోసింది.

సాయంత్రం జగన్నాధం జోగయ్య ముందు వాలాడు.

"గుండిగ నా కాడ లేదు బావా" అన్నాడు జోగయ్య. "డబ్బే నాది కాదు. ఇచ్చిన మడిసి తాకట్టు వాళ్ళింట్లోనే ఎట్టుకున్నారు. అయినా మంచి రోజున వచ్చినావు. శనివారానికి అసలంతా కట్టీమంటన్నారు."

"వారం ఆగమను."

"ఆగరు. నవ్వరు, అరవరు. తలూపుతారంతే."

"అచ్చం నా పెళ్ళాం లాంటోడు ఎవుడో దొరికేడు నీకు."

జోగయ్యకి పొలమారింది. నీళ్ళు తాగి, "ఒక్కో కొంపకి ఒకలుంటారు బావా" అన్నాడు.

శుక్రవారం మిషను పాతసామాన్లవాడికి తొమ్మిది వేలకి పోయింది. ఇంకా ఆరు వేలు తక్కువ. ఎవరినడిగినా ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే దాలమ్మకి తెలుస్తుంది. అందుకని దాలమ్మనే అడిగాడు. ఆ తెలివికి తనే మురిసిపోయాడు.

"కళాయి కూలి ఆరు వేలంట."

కత్తిపీట మీద వంకాయ కోస్తున్న దాలమ్మ చెయ్యి ఆగింది. జగన్నాధం చెవుల్లో గుడి గంటలు మోగాయి.

"ఆరు వేలెట్టి పూస్తే గుండిగలో మొకం కనబడాల" అని లోపలికెళ్ళి, పప్పు డబ్బాలోంచి నోట్లు తెచ్చింది. "నీ సేతికి ఇస్తన్నాను. గుర్తెట్టుకో."

అతను గుర్తు పెట్టుకోలేదు. శనివారం సాయంత్రం పదిహేను వేలూ జోగయ్య చేతిలో పోశాడు.

"ఇంటికెళ్ళు బావా. గుండిగ నీకన్నా ముందే ఉంటాది."

పరుగున వచ్చాడు. అరుగు మీద లేదు. వంటింట్లో లేదు. గుమ్మంలో సర్దిన సంచీ, సంచీ పక్కన దాలమ్మ.

"గుండిగేదీ?"

"దారిలో ఉన్నాది. వస్తాది."

"వచ్చీలోగా అటకెక్కి, మూలనున్న గోనెమూట దించు."

నిచ్చెన వేసుకుని ఎక్కాడు. దాలమ్మ సామాన్ల జోలికి పోవడం ఇష్టం లేక ఏడాదిగా అటక ముఖం చూడలేదు. మూట తాడు విప్పి చెయ్యి పెట్టాడు. చల్లగా, గుండ్రంగా, ఇత్తడి. అంచు మీద వేళ్ళకి అక్షరాలు తగిలాయి. దా. ల. మ్మ.

లోపల కళాయి లేదు. పొగచూరిన నలుపు అలాగే ఉంది.

"మొకం కనబడతన్నాదా?" కింద నుంచి అడిగింది దాలమ్మ.

దిగుదామని చూశాడు. నిచ్చెన ఎదుటి గోడకి వెళ్ళిపోయింది.

"పొదుపు సంఘంలో నాకొచ్చిన డబ్బు వడ్డీకి తిప్పమని జోగయ్యకిచ్చేను" అంది తాపీగా. "వారం తిరక్కుండా తాకట్టు సామానని నా గుండిగే నా ఇంటికి మోసుకొచ్చేడు. నా పేరు నానే సదువుకున్నాను."

"అప్పుడే సెప్పొచ్చు కదే."

"సెప్తే వడ్డీ ఎవులు కడతారు? జోగయ్యకి యాబై పోగా నెలకి నాలుగు వందలు. నువ్వు మాన్పించిన పంచదార దాంతోనే కొన్నాను. నువ్వు బడ్డీకెల్లినాక రెండు సెంచాలేసుకుని తాగేదాన్ని."

జగన్నాధం గుండిగకి ఆనుకుని కూలబడ్డాడు.

"బాకీ సంగతి తాయారు నాకూ సెప్పింది. జోగయ్య తెచ్చిచ్చే పదిహేనూ సోమవారం ఆవిడికి కట్టేస్తాను. అక్కడితో మనకి బయట అప్పు లేదు."

అతనికి ప్రాణం లేచి వచ్చింది. "అయితే అంతా తీరిపోనాది కదే. నిచ్చెనెయ్యి."

"బయటిది తీరింది. ఇంటిది ఆరు వేలుంది. నూటికి మూడు."

"మొగుడికి కూడా మూడేనా? రెండు సెయ్యి."

దాలమ్మ తల ఊపింది. ఈసారి అడ్డంగా.

ఒకటో తారీకున నూట ఎనభై పప్పు డబ్బాలో వేస్తానని అటక మీద నుంచి ఒప్పుకున్నాకే నిచ్చెన తిరిగొచ్చింది. గుండిగని తాడు కట్టి దింపి, తనూ దిగి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

దాలమ్మ అతని చేతిలో చింతపండు ముద్ద పెట్టింది.

"తోము. కూలి ముందే పుచ్చుకున్నావు కదా."