పెద్దమనిషి పరీక్షకు రాలేదట

కుక్కలకు పరీక్షలు ఇంకా కఠినం చేయాలి! జంతుప్రేమికులు నా మీద విరుచుకుపడినా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను. మనుషుల్లో ఎలాగూ పోయిన క్రమశిక్షణ కనీసం కుక్కల్లోనైనా నిలవాలి కదండీ?

మా పిన్నికి చూపు లేదు. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. రోజూ ఆమెను ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా నడిపించేది ఒక నల్ల కుక్క. దాని నడవడి చూసి ఇంటిల్లిపాదీ ‘పెద్దమనిషి’ అని పిలుస్తాం. నాలుగేళ్లలో ఇద్దరూ ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లి ఎరగరు. అయితే ఏం? ఆసుపత్రికి కొత్త మేనేజరు వచ్చాడు. సోమవారంలోగా దారి చూపే కుక్కల పరీక్ష పాసైన సర్టిఫికెట్ తేకపోతే కుక్కను రానివ్వనన్నాడు. కుక్క రాకపోతే పిన్ని వెళ్లలేదు. అంటే ఉద్యోగానికి నీళ్లు వదులుకోవడమే.

పరీక్ష ఇద్దరికీ కలిపే. నియమాలు పదకొండు పేజీలు. చదువుతుంటే ఒళ్లు పులకరించిందంటే నమ్మండి. కింద పడ్డ తిండి ముట్టకూడదు. తోక తొక్కినా గుర్రుమనకూడదు. ముద్దు చేస్తే మురిసిపోకూడదు. ముందు గుంట ఉంటే, యజమాని ‘పద’ అన్నా కదలకూడదు. అన్నిటికంటే ఘనమైనది చివరిది: అక్కడొక కుక్క ఉన్నట్టే ఎవరికీ తెలియకూడదు. మా బావగారు ఈ పరీక్షకు కూర్చుంటే మొదటి పేజీ దాటగలరా? విందులో ఆయన పక్కన కూర్చున్నవాళ్లను అడగండి.

శుక్రవారం పదింటికి పరీక్ష. తొమ్మిదిన్నరకే ముగ్గురం పరీక్ష పెట్టే ఆఫీసు ముందున్నాం. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“సర్టిఫికెట్ ఉన్న కుక్కల్నే లోపలికి పంపమన్నారమ్మా.”

“దానికోసమే వచ్చాం నాయనా,” అంది పిన్ని.

“తెచ్చుకోండి, పంపిస్తా.”

“లోపలికెళ్తేనే కదా ఇచ్చేది?”

“అదంతా లోపలివాళ్లకే తెలియాలి. నా డ్యూటీ గేటు వరకే.”

చూశారా, ఎంత క్రమశిక్షణో! నేను లోపలికి పరుగెత్తి గుమాస్తాను బతిమాలాను. వరండాలో కూర్చోండి, సారే బయటికొచ్చి చూస్తారన్నాడు. కూర్చున్నాం. పెద్దమనిషి బెంచీ ముందు పడుకుంది. ఎవరో బిస్కెట్ పొడి దాని ముక్కు మీదే దులిపారు. అది చూడనైనా లేదు. ఫైళ్ల బండి తోక అంచు మీద నుంచి పోయింది. తోక లోపలికి లాక్కుంది, అంతే. టైపిస్టు వచ్చి చెవులు నిమిరి వెళ్లింది. అది పిన్ని కాళ్ల దగ్గర నుంచి జరగలేదు.

ఇంతలో ఒకాయన బొచ్చుకుక్కను చంకనేసుకుని వచ్చాడు. అది వాచ్‌మన్ చొక్కా పట్టుకుంది, తలుపును తిట్టింది, గోడను తిట్టింది. ఆ గోల పడలేక లోపలికి పిలిచి, పది నిమిషాల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేశారు.

పన్నెండున్నరకు కళ్లజోడు పెట్టుకున్న ఒక సారు పెద్దమనిషిని దాటుకుంటూ వెళ్లి కారెక్కాడు. ఆయనే పరీక్షాధికారి అని మాకెలా తెలుస్తుంది? పైగా వెంట వచ్చినవాళ్లు నోరెత్తకూడదని తొమ్మిదో పేజీలో ఉంది. నేను ఎత్తలేదు. కాసేపయ్యాక గుమాస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు.

“గైర్హాజరు అని రాశారండీ. ఇందాక కారెక్కిన సారే రెండుసార్లు వచ్చి చూశారట, కుక్క కనబడలేదట. మళ్లీ వచ్చే నెలలోనే.”

“ఆయన దాటుకుంటూ వెళ్లింది దాన్నే కదండీ?”

“మొరగకపోతే ఎలా తెలుస్తుంది సార్?”

పిన్ని పెద్దమనిషి వీపు మీద చెయ్యి వేసింది. “నాలుగేళ్లు చప్పుడు చెయ్యొద్దనే నేర్పాన్రా దీనికి. చెయ్యకపోతే లేనట్టేనా?” అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కనుక పరీక్ష పెట్టేవారికి నా విన్నపం: దయచేసి మొరగడాన్ని కూడా సిలబస్‌లో చేర్చండి. రెండు రోజులుగా పెద్దమనిషికి ఆ విద్యే నేర్పుతున్నాను. నేల మీద కూర్చుని నేనే మొరిగి చూపిస్తున్నాను. అది నన్ను జాలిగా చూసి తల తిప్పుకుంటోంది. బాగా చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు.

రేపే సోమవారం. ఇక లాభం లేదని, దాని తరఫున నేనే మొరుగుతున్నాను. మీరు ఇప్పటిదాకా చదివింది అదే.