పదిహేను ముద్రల కాగితం

ఆ ఉదయం ఆకాశం మూతి ముడుచుకుని ఉంది. మబ్బు కొండల మీద కూర్చుంది గాని కురవలేదు, కదలలేదు. తొకుజి దానికేసి ఒకసారి చూసి, కాలువ నీళ్లు ఎటూ వస్తాయి గదా అనుకున్నాడు. పొద్దున పొలానికి నీళ్లు పెట్టి, మధ్యాహ్నం దమ్ము చేసి, మర్నాడు నాటు వేయాలి. పళ్లేల్లో పెంచిన నారు కొసలు అప్పటికే పసుపెక్కుతున్నాయి. ఇక ఆగదు.

అయితే రాత్రి నుంచి అతని బుర్రలో నలుగుతున్నది నారు కాదు, బావ గెంజో అన్న మాట. గెంజో అతని అక్క మొగుడు, పక్కింటివాడు, ఈ ఏడు కాలువ తూము బాధ్యత కూడా అతనిదే. ఇద్దరూ కుర్రతనం నుంచి 'వెలుగుకత్తి' అనే వీడియో ఆట ఆడుతున్నారు. కత్తి పట్టిన వీరుడు, దయ్యాల కోటలు, రెండు మూడేళ్లకో కొత్త భాగం. నిన్న సాయంత్రం గట్టు మీద గెంజో తీరిగ్గా అన్నాడు. "మూడో భాగం ఏముందిరా, అయిదోదాని ముందు అది పిల్లల గిలక్కాయ."

తొకుజి రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. నిన్నటి పదీ అప్పటికే అయిపోయాయి. అందుకని తెల్లవారకముందే లేచి రాశాడు.

"మూడో భాగంలో దారి ఎవరూ చెప్పరు. అడవిలో తప్పిపోతాం, చస్తాం, మళ్లీ లేచి వంకర చెట్టును గుర్తు పెట్టుకుని వెతుక్కుంటాం. అయిదోదాంట్లో నేల మీద బాణం గుర్తు పడుతుంది. దాని వెంట నడవడానికి వీరుడెందుకు, గంతలు కట్టిన ఎద్దు చాలు. అయిదోదే మేలన్న గెంజో అన్నం కూడా ఎవరో నమిలి పెడితే తినే రకం."

ఆ జపాను పల్లెలో కబురు అట్ట మీద ఇల్లిల్లూ తిరుగుతుంది. అట్టకు కాగితాలు గుచ్చి ఉంటాయి. తమ ఇంటికి వచ్చినప్పుడు చూసి, చివరి కాగితం మీద తమ ఇంటి పేరున్న గడిలో ముద్ర వేసి, పక్కింటికి ఇస్తారు. మొత్తం పదహారు ఇళ్లు. ఈ నెల అట్ట బయలుదేరేది తొకుజి ఇంటి నుంచే. చేతికి వేరే కాగితం దొరక్క అతను రాసింది ఆ గడుల కాగితం పైభాగంలోనే. తర్వాత గెంజో ఇంటి ఉత్తరాల పెట్టెలో పడేద్దామని బల్ల మీద ఉంచి పొలానికి వెళ్లాడు.

భార్య ఫుమియే అది చూసి, మొగుడు సిద్ధం చేసి పెట్టాడనుకుని పొలాలకు నీళ్లు వదిలే వేళల కాగితం కింద గుచ్చింది. చదవలేదు. అతని రాత చదవడం ఆమె మానేసి ఇరవై ఆరేళ్లయింది. తమ ముద్ర వేసి పక్కింటికి తీసుకెళితే గెంజో ఇంటికి తాళం. తాళం ఉన్న ఇంటిని దాటించి, చివర్లో తెచ్చివ్వడం వాడుక. అట్ట ముందుకు సాగింది. నీళ్ల కబురు గదా, మధ్యాహ్నానికే ఊరంతా తిరిగి గెంజోకు చేరింది.

ఆపైన కాసేపటికే కాలువ ఎండింది.

తొకుజి తూము దగ్గరికి పరుగెత్తేసరికి గెంజో దాన్ని మూసేసి, తిప్పే ఇనప పిడి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనకే ఫుమియే వచ్చింది. పై పొలం ఇవాకురా, మరో నలుగురు బురద కాళ్లతో వచ్చారు.

"ఏంటి బావా ఇది?"

"ఎద్దుకు తూము తిప్పడం ఏం తెలుసు? మీరే తిప్పుకోండి." గెంజో కాగితం విసిరాడు. "పదిహేను ముద్రలు. నీ ఒక్కడి నోటికి నేను జడవను. ఊరంతా నిజమేనని గుద్దారు చూడు."

ఇవాకురా మెడ గోక్కున్నాడు. "నేను నీళ్ల వేళలకనుకుని వేశానయ్యా."

"చదవకుండానా?"

"అట్ట ఎవరు చదువుతారు? చదువుతూ కూర్చుంటే ఇల్లు దాటుద్దా?"

గెంజో ముఖం ఇంకా ఎర్రబడింది. "తిడితే తిట్టారు, కనీసం చదివి తిట్టలేకపోయారా?" తొకుజి వైపు తిరిగాడు. "ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను."

"అయితే నీళ్లు లేవు."

"ఇక్కడ నారు చస్తోంది. నీకు బాణాలు కావాలా?"

"అక్కను ఇచ్చిన ఇంటివాళ్లతో ఇట్టాగేనా మాట్లాడేది?"

"అడిగి చేసుకున్నావా మా అక్కను?"

ఫుమియేకు ఒళ్లు మండింది. చింపి కాలువలో పారేద్దామని కాగితం తీసిన మనిషి ఆగిపోయింది. "ఇదేంటి, తోమిగారు ముద్ర పక్కన పెన్సిలుతో ఏదో రాశారు." తోమిగారు మలుపు అవతల ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఫుమియే గట్టిగా చదివింది. "రెండూ కావు. నాలుగోది మేలు. అది ఆడనివాళ్లు తీర్పు చెప్పకూడదు."

బావా బావమరుదులు ఇద్దరూ కాగితం మీదికి వంగారు.

"నాలుగోదా?" అన్నాడు తొకుజి.

"వంటమనిషిని వీరుణ్ణి చేశారట, ఆ నాలుగోదా?" అన్నాడు గెంజో.

"ఊరంతటిలో చదివింది ఈవిడొక్కతే. చదివి ఇదా రాసేది?" అన్నాడు తొకుజి.

"పద, అడుగుదాం."

ఎనభై దాటిన మనిషి ఇంటికి ఇనప పిడితో వెళ్లడం బాగుండదని గెంజో దాన్ని గట్టున పడేసి నడిచాడు. వాళ్లిద్దరూ మలుపు తిరగకముందే ఇవాకురా ఆ పిడి తీసుకుని తూము మొత్తం ఎత్తేశాడు.

తోమిగారు తలుపు తీసి వాళ్ల ముఖాలు చూసింది. "పోట్లాటకా? బూట్లు విప్పి రండి, బురద."

"మీరెప్పుడు ఆడారండీ ఇవన్నీ?" అన్నాడు గెంజో.

"మా ఆయన పోయిన చలికాలం. మంచు కిటికీల దాకా పడింది, పలకరించే దిక్కు లేదు. మూడూ ఆడాను, అయిదూ ఆడాను. ఒకదాంట్లో దారి దొరకదు, ఒకదాంట్లో తప్పిపోనివ్వరు. నాలుగోదాంట్లో దారి తప్పితే ఎవరో ఒకరు ఎదురొచ్చి, అన్నం తిన్నావా అని అడుగుతారు. మీరు ఆడారా?"

ఇద్దరూ కిటికీలోంచి మబ్బును చూశారు. నాలుగోది వచ్చిన ఏడే గెంజో చెప్పాపెట్టకుండా తొకుజి అక్కను పెళ్లాడాడు. రెండేళ్లు మాటల్లేవు. ఒంటరిగా ఆడదామని ఇద్దరికీ అనిపించలేదు.

"ఆడలేదు," అన్నాడు తొకుజి, నేల చూస్తూ.

"అయితే కూర్చోండి," అంది ఆవిడ.

వేడి సోబా నూడుల్సు మూడు గిన్నెల్లో పోసింది, ముల్లంగి ఊరగాయ మధ్యలో పెట్టింది. కింది పొలాల్లోకి నీళ్లు పారుతున్న చప్పుడు లోపలికి వినబడుతోంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. గిన్నెలు ఖాళీ కాగానే బావా బావమరుదులు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒకేసారి మహా కోపంగా రెండో వాయికి చేతులు చాచారు.