పాతదా, కొత్తదా?

బీరు కాచే మేస్త్రికి ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఎండు పూలను హాప్స్ అంటారు. రెండు రకాల హాప్స్‌లో ఏది వాడాలో తేల్చుకుని, మధ్యాహ్నం లోపు మరిగే బార్లీ రసంలో వెయ్యాలి. నిద్ర లేస్తూనే పెరట్లో నిలబడి ఓనరుకు ఫోన్ చేశాడు.

"పాతది చేదే సార్, కానీ నమ్మకంగా ఉంటుంది. కొత్తదుంది చూశారూ, దగ్గరికెళ్తే చాలు, ఆ వాసనకి మతి పోతోంది! రెండిట్నీ ఉంచుకుందామంటే ఒకదానికొకటి పడదు."

వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు తుడుస్తున్న అత్తగారి చేతిలోంచి గరిటె జారిపోయింది. ఒక్క ఉదుటున కూతురి దగ్గరికి పరుగెత్తింది.

"నీ కొంప మునిగిందే! నువ్వు చేదుట!"

కూతురు నమ్మలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మొగుడి ఎదుటికి వెళ్లి నిలబడింది.

"ఇవాళేదో తేల్చేస్తారట?"

"అవును. పాతదాన్నే ఉంచాలా, కొత్తదానికి మారాలా అని. నిద్ర పడితే ఒట్టు."

"పాతది ఏం పాపం చేసింది?"

"పాపమేముంది, ఎండిపోయిందంతే."

ఆమె గోడ పట్టుకుంది.

"కొత్తది... ఎక్కడుంది?"

"ఫ్యాక్టరీలోనే. ఓనరుగారే తెప్పించారు," అంటూ అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికే తల్లీకూతుళ్లు ఫ్యాక్టరీలో ఓనరు గదిలోకి దూసుకొచ్చారు. వాళ్లెవరో ఆయనకు తెలియదు.

"పెద్దమనిషివి, సిగ్గులేదూ? ఎక్కడ దాచావయ్యా దాన్ని?" అంది అత్తగారు.

ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ జోడించాడు.

"మెల్లగా అనండమ్మా, పక్కగదిలో మా ఆవిడుంది! మీకెవరు చెప్పారు? అది ఇక్కడ లేదు. స్టేషను వెనక ఇంట్లో ఉంచాను. రేపే పంపించేస్తాను, మీ మీదొట్టు!"

అత్తగారు తెరిచిన నోరు మూయలేదు. అంతకంటే పెద్దగా నోరు తెరిచి గుమ్మంలో నిలబడి ఉంది ఓనరు భార్య.

ఆవిడ వెనకాలే మేస్త్రి రెండు పొట్లాలతో వచ్చాడు. "సార్, రసం మరుగుతోంది. పాత హాప్స్ వెయ్యనా, కొత్తవా?" అని, పెళ్లాన్ని చూసి బిక్కచచ్చిపోయాడు. "నువ్వేంటిక్కడ?"

ఆమె పొట్లాల్లోకి తొంగి చూసింది. "పూలా!" అంటూ నేల మీద కూలబడింది.

ఓనరు భార్య మొగుడి మీంచి చూపు తిప్పలేదు.

"ఏది చేదు?"

"పాతదమ్మా."

"అదే వెయ్యి. రెండింతలు."

ఆ విడత బీరు మింగుడుపడలేదన్న వాడు ఒక్క ఓనరే.