జువాంగ్ మాస్టారి బంతి పాఠం

ఆ రోజు పొద్దున జువాంగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే కుక్కని హైస్కూలు మైదానానికి తీసుకెళ్ళాలి, బంతి విసరాలి, అది తెచ్చివ్వాలి, ఇంటికొచ్చి గంజి తాగాలి. జియాయీ ఊళ్ళోని ఆ హైస్కూల్లోనే ఆయన రిటైరయ్యేదాకా డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. తన ఈలకి కదలని పిల్లాణ్ణి ఆయన ఎరగరు. అలాంటి మనిషికి ఒక కుక్క ఏపాటి?

దీనికంతటికీ మూలం ఫాన్. పోస్టాఫీసులో చేసి రిటైరైన ఈ ఫాన్‌కి బంగారు రంగు బొచ్చుకుక్క ఒకటుంది. ముందురోజు సందు చివర టిఫిన్ కొట్టు దగ్గర అందరూ సోయా పాలు తాగుతుండగా, ఫాన్ విసిరిన చెప్పుని అది పరిగెత్తుకెళ్ళి తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఫాన్ అంతటితో ఊరుకోలేదు. "మాస్టారి కుక్కకి ఏం వచ్చు?" అని అడిగాడు. మాస్టారి కుక్క దౌదౌ అప్పుడు బల్ల కింద ముడుచుకుని పడుకుని ఉంది.

"తినడం వచ్చు" అంది కొట్టు నడిపే యాపింగ్, పెనం మీద గుడ్డు రొట్టె తిరగేస్తూ. ఆమె ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నదే. అందరూ నవ్వారు. తన దగ్గర చదువుకున్నవాళ్ళు తనని చూసి నవ్వడం మాస్టారికి అలవాటు లేదు. ఆదివారం కల్లా దౌదౌ బంతి తెస్తుందని అక్కడికక్కడే మాటిచ్చేశారు.

టెన్నిస్ బంతి జేబులో వేసుకుని ఈల మెళ్ళో తగిలించుకుంటుంటే భార్య రుయ్‌యున్ వంటింట్లోంచి తొంగి చూసింది. దౌదౌని చేపల మార్కెట్టు వెనకనుంచి తెచ్చింది ఆవిడే. తెచ్చినప్పుడు దానికి ఒక చెవి చీలి ఉంది.

"దాన్ని అక్కడికి తీసుకెళ్ళకండి. చెయ్యి ఎత్తితే అది భయపడుతుంది."

"దానికి ఏది ఇష్టమో అడిగి పాఠం చెప్పమంటావా?"

"నేనేం చెప్పమనలేదు. గంజి చల్లారిపోతుంది, తొందరగా రండి."

మైదానంలో నడక మనుషులు, పాట పెట్టుకుని చేతులూపే ఆడవాళ్ళు అప్పటికే చేరారు. మాస్టారు దౌదౌని నిటారుగా కూచోబెట్టి, ఈల వేసి, చెయ్యెత్తారు. బంతి చేతిలోంచి వెళ్ళకముందే దౌదౌ నేలకి అతుక్కుపోయింది. చెవులు వెనక్కి పెట్టి, కళ్ళు మూసుకుని, కింద తడి చేసుకుంది. బంతి ఎక్కడో దూరంగా పడింది. మాస్టారే వెళ్ళి తెచ్చుకున్నారు.

మళ్ళీ విసిరారు. మళ్ళీ అది నేలకి కరుచుకుంది, మళ్ళీ ఆయనే వెళ్ళారు. ఈసారి బంతి దగ్గరికి ఆయన చేరేలోపు ఫాన్ కుక్క వచ్చి దాన్ని నోట కరుచుకుని, తోకాడించుకుంటూ మాస్టారి ముందే నిలబడింది.

"మావాడికి విసరండి మాస్టారూ, వాడు మీ పరువు కాపాడతాడు" అన్నాడు ఫాన్ దూరంనుంచి.

"మీ కుక్కని కట్టేసుకోండి ముందు."

"మీది కట్టక్కర్లేదుగా. అదెక్కడికీ కదలదు."

కోపం వస్తే మాస్టారికి పట్టుదల వస్తుంది. పాఠం అర్థం కాని పిల్లలకి చేసి చూపించడం ఆయన పద్ధతి. దౌదౌని ఇనప కమ్మీకి కట్టి, బంతి విసిరి, ఈల వేసి, తానే పరిగెత్తారు. బంతి దగ్గర మోకాళ్ళూ చేతులూ నేలకి ఆనించి, దాన్ని నోటితో అందుకుని, నాలుగు కాళ్ళ మీద వెనక్కి రాసాగారు. దౌదౌ మొదటిసారి తలెత్తి ఆసక్తిగా చూసింది. తలెత్తినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. చేతులూపే ఆడవాళ్ళు పాట ఆపేశారు.

"అయ్యో, జువాంగ్ మాస్టారు పడిపోయారు" అని ఒకావిడ అంది. "పడిపోలేదు, పాకుతున్నారు" అంది ఇంకొకావిడ. "మా మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు కూడా ఇలాగే చేశారు" అంది మూడో ఆవిడ, అంబులెన్సుకి ఫోన్ చేస్తూ. నాలుగో ఆవిడ ఫోన్ కూడా పైకే ఉంది. ఆవిడ వీడియో తీస్తోంది.

అంబులెన్సు వచ్చేసరికి మాస్టారు బంతి వదిలించుకునే ప్రయత్నంలో ఉన్నారు. బంతి నూగులో ఆయన కట్టుడు పళ్ళ సెట్టు ఇరుక్కుంది. గట్టిగా లాగితే రెండూ కలిసే బయటికొచ్చాయి. "ఏమీ కాలేదు, కుక్కకి పాఠం చెబుతున్నాను" అని ఆయన అన్నారు గానీ, బోసినోట ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. మాట ముద్దగా వస్తోందని అంబులెన్సు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తాతగారూ, రెండు చేతులూ పైకెత్తండి. రెండూ సమానంగా లేస్తున్నాయో లేదో చూస్తాం."

మాస్టారు నిక్షేపంగా ఎత్తారు. రెండూ సమానంగానే లేచాయి. కమ్మీ దగ్గర దౌదౌ కీచుమని అరిచి, గొలుసు లాక్కుంటూ, నేలలోకి దూరిపోయేలా పడుకుని వణకడం మొదలెట్టింది. అందరూ అటు చూశారు. తర్వాత ఇటు చూశారు. మనిషికి జబ్బేమీ లేదని తేలింది. అప్పుడు జనానికి ఇంకో ఆలోచన వచ్చింది.

ఆయన పళ్ళు కడుక్కుని ఇంటికొచ్చేలోపే వీడియో సందులో ప్రతి ఫోనుకీ చేరింది. పాకడం ఎవరూ పట్టించుకోలేదు. అందరూ చివరి ముక్కే చూశారు. చేతులెత్తిన ముసలాయన, వణుకుతున్న కుక్క. కింద ఎవరో రాశారు: 'ఇంట్లో దాన్ని ఏం చేస్తున్నాడో.' మధ్యాహ్నానికల్లా జంతు సంరక్షణ శాఖనుంచి శ్యే అనే ఇన్‌స్పెక్టరమ్మాయి స్కూటర్ మీద వచ్చి గుమ్మం ముందు ఆగింది. సందు సందంతా ఏదో పని ఉన్నట్టు బయటికొచ్చింది.

"కుక్కని కొడుతున్నారని ఫిర్యాదు వచ్చిందండీ."

"అబద్ధం. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు" అన్నారు మాస్టారు. అది నిజం. చెయ్యని పనికి సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. అదెంత కష్టంగా ఉంటుందో ఆయనకి అప్పటిదాకా తెలియదు. "ఈ ఊళ్ళో ఎవర్నయినా అడగండి. నేనేంటో అందరికీ తెలుసు. యాపింగ్, ఇటు రా. నేను కొట్టే మనిషినా?"

యాపింగ్ సోయా పాల గ్లాసులు పెట్టుకున్న పళ్ళెంతో ఎవరింటికో వెళుతోంది. ఆగింది.

"కుక్కనా మాస్టారూ?"

ఇన్‌స్పెక్టరమ్మాయి తలెత్తింది. "అంటే?"

"అబ్బే, ఏం లేదు. ఎప్పటి సంగతో. ఆ రోజుల్లో అందరు మాస్టార్లూ కొట్టేవాళ్ళు." యాపింగ్ నవ్వడానికి ప్రయత్నించింది. "ఈయన పెద్దగా కొట్టే పనే ఉండేది కాదు. చెయ్యెత్తితే చాలు, మా వరస మొత్తం వంగేది."

"అది క్రమశిక్షణ" అన్నారు మాస్టారు. "దానివల్లే నువ్వివాళ ఇలా కొట్టు పెట్టుకుని బతుకుతున్నావు. ఉన్నమాట చెప్పు" అంటూ వేలు చూపించడానికి చెయ్యెత్తారు.

దౌదౌ నేలకి కరుచుకుంది. అదే క్షణంలో యాపింగ్ కూడా మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని వంగింది. పళ్ళెం జారింది. గ్లాసులు పగిలి పాలు సందులో పారాయి. ఇద్దరు పిల్లల తల్లి, నలుగురికి జీతాలిచ్చే మనిషి, కుక్క పక్కన వంగి నిలబడింది. మొదట ఫాన్ నవ్వాడు. తర్వాత తనొక్కడే నవ్వుతున్నానని తెలిసి ఆపేశాడు. ఎర్రబడ్డ మొహంతో యాపింగ్ గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టింది.

మాస్టారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని ఎక్కడ దించాలో ఆయనకి తెలియలేదు.

రుయ్‌యున్ గుమ్మం దిగి వచ్చింది. "అమ్మాయ్, రాసుకో. దీన్ని మార్కెట్టు దగ్గర రాళ్ళతో కొట్టేవాళ్ళు. అందుకే ఎవరు చెయ్యెత్తినా ఇలా పడుకుంటుంది. ఈయన దీన్ని ఎప్పుడూ కొట్టలేదు. కుక్కని కొట్టలేదు."

"కుక్కని కాకుండా..." అంటూ ఇన్‌స్పెక్టరమ్మాయి ఆగింది.

"నువ్వు కుక్క కోసమే కదా వచ్చావు" అంది రుయ్‌యున్. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

ఆ అమ్మాయి కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత, కుక్క మామూలుగా ఆడుకుంటుందో లేదో ఒకసారి చూసి వెళ్తానంది. రుయ్‌యున్ భర్త జేబులోంచి బంతి తీసింది. నేల మీద చతికిలబడి, చెయ్యి మోకాలు దాటి లేవకుండా, బంతిని మెల్లగా దొర్లించింది. దౌదౌ లేచింది. ఒళ్ళు దులుపుకుంది. చెవి ఊపుకుంటూ పరిగెత్తి, పాల తడిలోంచి బంతి అందుకుని, తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టి, మళ్ళీ దొర్లించమని మూతితో పొడిచింది. సందంతా చప్పట్లు కొట్టింది.

మాస్టారు భార్యవైపు తిరిగారు. "ఇదెప్పుడు నేర్పావు?"

"నేర్పలేదు. ఆడుకుంటాం."

"ఎప్పుడు?"

"మీరు బయటికెళ్ళినప్పుడు."

ఇన్‌స్పెక్టరమ్మాయి కాగితం మడిచి, రుయ్‌యున్‌కి మాత్రం తలవంచి దండం పెట్టి, స్కూటరెక్కి వెళ్ళిపోయింది. జనం ఇళ్ళలోకి పోయారు. పగిలిన గ్లాసులు ఎత్తడానికి సాయం చేద్దామని మాస్టారు యాపింగ్ దగ్గరికి రెండడుగులు వేశారు. ఆవిడ ఏరడం ఆపకుండానే కాస్త పక్కకి జరిగింది.

మర్నాటినుంచి ఆయన ఎక్కడికెళ్ళినా చేతులు రెండూ వెనక్కి కట్టుకునే నడుస్తున్నారు. ఎవరైనా అడిగితే, నడుముకి మంచిదని చెబుతారు.