ఇటిక్యాలలో ముగ్గురు బోసులు

"గద్వాల నుంచి వనపర్తి దాకా నేరం చేసినోడు ఎవడైనా సరే, నా నీడ కనబడితే లొంగిపోవుడే!"

ఇటిక్యాల చౌరస్తా హోటల్లో చంద్రశేఖర్ ఇలా ప్రకటించాడు. ఇప్పటిదాకా వాడికి లొంగిపోయినవి ఆ హోటల్ మిర్చి బజ్జీలు మాత్రమే. నేను రంజిత్‌ని, వాడి దోస్తుని. డిటెక్టివ్ గారి వాహనం, డ్రైవరు, పెట్రోలు అన్నీ నేనే.

అప్పుడే మేస్త్రి ప్రభుదాసు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"శేఖరూ, మా బిడ్డ హెప్సిబా పొద్దుగాల లేస్తే ఫోన్ పట్టుకొని ఒకటే జపం. జే బోస్, తు బోస్, ఇల్ బోస్! ఎవరే వాళ్లంటే ఫ్రెండ్స్ అంటది."

చంద్రశేఖర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఏమీ కనబడక బజ్జీ బదులు నా వేలు కొరికాడు.

"గుండె గట్టి చేస్కో అన్నా! జె. బోస్, టి. బోస్, ఐ.ఎల్. బోస్. ఇంటిపేర్లు మూడు, పేరు ఒకటే. రాయచూరు దిక్కు నుంచి దిగిన అంతర్రాష్ట్ర ముఠా!"

"ఇయ్యాల ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూ అన్నది గద?"

"గదే ఎర! ముందుగాల ఫోన్ గుంజుకో."

ముగ్గురం వాళ్లింటికి పోయాం. ప్రభుదాసు ఫోన్ గుంజుకున్నాడు. హెప్సిబా ఏడుపు మొదలుపెట్టింది.

"నాయినా, ఇంకో గంటల ఫోన్లనే ఇంటర్వ్యూ ఉన్నది. ఫోన్ లేకుంటే హైదరాబాద్ ఉద్యోగం పోతది. అది ఫ్రెండ్స్ కాదు, ఫ్రెంచ్! ఆ ఉద్యోగానికి ఆ భాష రావాలె. బోసు మనిషి కాదు!"

"మనిషి కాదా? అయితే ఇంకా ప్రమాదం!" అన్నాడు చంద్రశేఖర్.

ఆ పిల్ల కన్నీళ్లు చూసి నాకు వాడి మీద ఒళ్లు మండింది.

వాడు ఫోన్ తీసుకుని కోళ్ల గూడు వెనక నక్కాడు. బోసు ఫోన్ చేయగానే పట్టుకుంటాడట. ఊరికే కూర్చోలేక పేలాలు బుక్కుతున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. అంతటి డిటెక్టివ్ అదిరిపడి ఫోన్ కింద పడేశాడు, దాని మీద పేలాలు ఒలకబోశాడు. పుంజు వచ్చి టకటకా పొడిచింది. కాల్ ఎత్తింది పుంజే. స్పీకర్ కూడా అదే నొక్కింది.

"హెప్సిబా, నేను ఉమ మేడాన్ని..."

"దొరికినవ్!" చంద్రశేఖర్ గర్జించాడు. "చెప్పు, జే బోస్ ఏడున్నడు? తు బోస్ ఏడున్నడు? ఇల్ బోస్ ఏడున్నడు?"

"అబ్బో, బాగా పలుకుతున్నారే! జే బోస్ అంటే నేను పనిచేస్తాను, తు బోస్ అంటే నువ్వు పనిచేస్తావు, ఇల్ బోస్ అంటే అతడు పనిచేస్తాడు. మీరూ ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారా? హెప్సిబాకి నేర్పేది నేనే. ఒక్క మాట హెప్సిబాకి చెప్పండి. బోస్ అనేది దోస్తుల మధ్య వాడే మాట. ఇంటర్వ్యూలో బాస్ ముందు బోస్ అనొద్దు, 'త్రవాయ్' అనాలి."

"అయ్యో, నేను గదే అందామనుకున్న!" హెప్సిబా తల పట్టుకుంది.

ప్రభుదాసు ఉరికొచ్చి ఫోన్ తుడిచి బిడ్డ చేతిలో పెట్టాడు. ఇంటర్వ్యూ అయ్యేదాకా పుంజుని నేను పట్టుకున్నాను, చంద్రశేఖర్ నోటిని ప్రభుదాసు పట్టుకున్నాడు. లోపలి నుంచి "త్రవాయ్" అని స్పష్టంగా వినబడింది. కాసేపటికి హెప్సిబా నవ్వుకుంటూ బయటికొచ్చింది. వచ్చే నెల నుంచి ఉద్యోగానికి రమ్మన్నారు.

"మాఫ్ చెయ్యి బిడ్డా. ఎవడో బోసు నిన్ను తోల్కపోతడని పరేషాన్ అయిన."

"ఇన్నేండ్లు పుణె పోయి గోడలు గట్టి నువ్వు బోసినవు నాయినా. ఇగ నువ్వు జర కూసో. నేను బోస్త."

ఆ మాట దోస్తుల మధ్యనే అనాలట. తండ్రితో కూడా అనొచ్చని మాకు ఆ పూట తెలిసింది. ప్రభుదాసు నవ్వబోయి ఏడ్చేశాడు.

"కేసు ఖతం!" చంద్రశేఖర్ కాలరెగరేశాడు. "చెల్లే, నాకు ఫ్రెంచ్ల ఒక బిరుదు ఇయ్యి."

"తు బోస్ పా," అంది హెప్సిబా.

మర్నాడే నా బండి వెనక పెద్ద అక్షరాలతో రాయించాడు: 'డిటెక్టివ్ చంద్రశేఖర్, తు బోస్ పా'. దానికి 'నువ్వు పని చెయ్యవు' అని అర్థమని హెప్సిబా నా చెవిలో చెప్పింది. వాడికి నేను చెప్పలేదు. పెట్రోలు పోయించేది నేనే కదా, ఆ మాత్రం హక్కు నాకుంది.