మిరపకాయల మధ్య మ్యాట్నీ

మా ఇంట్లో ఉండేది ఇద్దరం. అది పేరుకే. మా ఆవిడ వెంకటరావమ్మ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక నేనొక్కణ్ణే.

కూర బాగుందే అంటే "ఆఁ" అంటుంది. ఇల్లు తగలబడుతోందే అన్నా "ఆఁ" అంటుంది. ఊరికే అనడం లేదు, అని చూశాను.

ఇక నాకు మిగిలింది బీరువా. అందులో పట్టుచీరలుండాల్సిన చోట సినిమా డిస్కులుంటాయి. పట్టుచీరలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంటాయి. ఈ ఏర్పాటు మా ఇద్దరిలో ఒకరికి నచ్చలేదు.

"సినిమాలన్నీ ఫోన్లోనే వస్తుంటే ఈ బిళ్ళలెందుకండీ?"

"ఫోన్లోది నీది కాదే. వాళ్ళు తీసేస్తే పోద్ది. ఇవి బీరువాలో ఉంటాయి, ఎవడూ తియ్యలేడు."

"మరి నా చీరలు ఎవడు తీశాడో!"

చిలకలూరిపేటలో డిస్కులు అద్దెకిచ్చే అమానుల్లా, అది మానేసి ఫోన్లకు అద్దాలు అతికించడం మొదలుపెట్టిన రోజున మిగిలిన సరుకంతా నేనే మోసుకొచ్చాను.

"వీటినిప్పుడు ఎవరు చూస్తారన్నా?" అన్నాడు.

"నేను చూస్తా."

"ఎవరితో?"

నేను సంచీ భుజానికెత్తుకున్నాను. ఒక్కణ్ణే కూర్చుని సినిమా చూడటం మీరెరుగుదురో లేదో. నవ్వొచ్చిన చోట నవ్వి పక్కకు తిరిగితే గోడ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ గోడతో కలిసి చూశాను, అది ఒక్కసారీ నవ్వలేదు.

ఒకనాడు మా మిరప కళ్లంలో ఎండుకాయలు ఏరుతుంటే ఫోను మోగింది. తియ్యలేకపోయాను. కారం చేత్తో ముట్టుకున్న ఫోన్ని చెంపకు ఆనించుకున్నవాడు మళ్ళీ ఆ పని చెయ్యడు. అక్కడే నా బుర్ర వెలిగింది. మిరపకాయల్లో చేతులు పెట్టిన మనిషి ఫోను ముట్టుకోదు! టీవీలో ఏది వస్తే అది చూడాల్సిందే.

మర్నాడు పొద్దున్నే రెండు బస్తాలు హాల్లో గుమ్మరించాను.

"వ్యాపారి తొడిమ తీసిన కాయే కావాలన్నాడే. మధ్యాహ్నం ఇరుగుపొరుగుతో కలిసి కూర్చుంటే అయిపోద్ది."

"మన కాయకు ఎప్పుడన్నా తొడిమలు తీశామా?"

"రోజులు మారాయి."

మా ఆవిడ నా మొహం కేసి ఒకసారి చూసి, లోపలికెళ్ళి, కాసేపటికి వచ్చి "సరే" అంది. ఆ "సరే" అంత సులువుగా వచ్చినప్పుడే నేను అనుమానించాల్సింది.

భోజనాలయ్యాక ఇరుగుపొరుగు దిగారు. సిగ్నల్ కోసం ప్రహరీగోడ ఎక్కే సిగ్నల్ సర్దార్‌బీ, అన్నం ముందు కూడా ఎపిసోడు ఆపని సీరియళ్ల సంతోషకుమారి. మా ఆవిడతో కలిపి ముగ్గురూ కొంగులు ముక్కుకు కట్టుకుని తొడిమలు తుంచడం మొదలుపెట్టారు. నేనూ వాళ్ళతోపాటు రెండు గుప్పిళ్ళు తుంచి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు డిస్కు పెట్టాను.

పేర్లు పడ్డాయి. ముగ్గురూ తలెత్తి చూశారు. నా గుండె నిండిపోయింది.

"ఈయన చచ్చిపోయాడుగా?" అంది సర్దార్‌బీ.

"ఆమె కూడా పోయింది," అంది సంతోషకుమారి.

"ఇందులో బతికున్నోళ్ళు ఎవరన్నా ఉన్నారా అన్నయ్యా?"

ఇంతలో హీరో "అమ్మా, నేను..." అని ఆగిపోయాడు. మళ్ళీ "అమ్మా, నేను..." అన్నాడు. డిస్కు తీసి భుజం మీది తువ్వాలుతో గట్టిగా తుడిచి పెట్టాను. ఈసారి "అమ్మా" దాకా కూడా రాలేదు.

మా ఆవిడ చెయ్యి కదపలేదు. పక్కన స్టూలు మీదున్న ఫోన్ని చూసి "నిన్న ఆగిన సీరియల్ పెట్టు" అంది, అంతే. నేనేం చెప్పినా ఏదో ఒకటి అనే ఇంట్లో ఆ ఫోను కిక్కురుమనకుండా పెట్టేసింది. ముగ్గురూ అటు తిరిగారు. నాకు మూడు వీపులు మిగిలాయి.

చెమట పట్టింది. అదే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.

నా కేక సెంటర్లో టీ తాగేవాళ్ళక్కూడా వినిపించిందట. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు పాలన్నారు, నేను చచ్చానన్నాను. చివరికి నన్ను టీవీ ఎదుటి మంచం మీద పడేసి, చల్లటి పాలలో ముంచిన గుడ్డ కళ్ళ మీద వేశారు. వాళ్ళిద్దరూ నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయారు. పూర్తిగా ఆపుకోలేదు.

మా ఆవిడ మంచం మీద కూర్చున్నట్టు తెలిసింది.

"పొద్దున్నే మన కాయ అమ్మిపెట్టే కమీషన్ కొట్టు త్రినాథ్‌కి ఫోన్ చేశా. 'తొడిమలు తీస్తే కాయ చెడుద్ది పిన్నీ, ఎవరు తియ్యమన్నారు?' అన్నాడు."

"మరి తెలిసీ కూర్చున్నావే?"

"రెండు బస్తాలు గుమ్మరించి మరీ ఏం చెయ్యబోతున్నారో చూద్దామని. ఒక్కసారన్నా 'రావే, సినిమా చూద్దాం' అన్నారా? డిస్కు ముట్టుకుంటే వేలిముద్రలు పడతాయంటారు."

"పిలిస్తే రానంటావేమోనని భయమేసిందే."

అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. కళ్ళు మూసుకుని ఉండటం వల్ల కాబోలు. తను మంచం మీంచి లేచింది. తర్వాత చేతులు కడుక్కున్న చప్పుడు, బీరువా తలుపు చప్పుడు వినిపించాయి. ఏదో డిస్కు పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

"మీకెట్టాగూ కనపడదు, నే చెప్తా వినండి. వాన పడతా ఉంది. ఆ అబ్బాయి బండి దిగాడు. ఆ పిల్ల తలుపు తియ్యట్లా. మొండిది."

ఆ సినిమాలో ఎక్కడ ఉరుము ఉరుముతుందో కూడా నాకు కంఠతా వచ్చు. ఆ పిల్ల తలుపు ఎప్పుడు తీస్తుందో తెలుసు.

"తర్వాత?" అన్నాను.