రసెల్ నడిపించిన ఆదివారం

ఆదివారం పొద్దున రసెల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. యార్క్ నగరం దాటి కాస్త దూరం వెళితే స్కెల్బీ అనే పల్లె వస్తుంది. అక్కడ ఏటి గట్టు వెంట చిన్నపిల్లలు కూడా ఆయాసపడకుండా నడవగల కాలిబాట ఉంది. కూతుళ్ళిద్దర్నీ ఆ బాటన తిప్పి, పచ్చిక బయళ్ళూ, ఏటి నీళ్ళూ, దూరాన మబ్బుల్లో మిన్‌స్టర్ చర్చి శిఖరాలూ చూపించి, మధ్యాహ్నానికల్లా "ఈ ఊరొదిలి మేమెక్కడికీ వెళ్ళం నాన్నా" అని వాళ్ళ చేతే అనిపించాలి. అంతే.

పిల్లలు రసెల్ దగ్గరికి వచ్చేది ఆదివారాలే, మిగతా రోజులు తల్లి దగ్గర. విడిపోయిన భార్య ఫిలిపా, ఆమెతో ఇప్పుడు ఉంటున్న ఫెర్గస్, కాపురం దూరాన స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకి మార్చాలనుకుంటున్నారు. పిల్లల్ని తీసుకెళ్ళాలంటే రసెల్ ఒప్పుకోవాలి. ఏ సంగతో ఆ సాయంత్రంలోగా చెప్పమంది ఫిలిపా. "కుదరదు" అనే ఒక్క మాటను రసెల్ వారం రోజులుగా అద్దం ముందు రకరకాల గొంతుల్లో అభ్యాసం చేస్తున్నాడు.

కార్లు నిలిపే చోట దిగీ దిగగానే చినుకులు మొదలయ్యాయి. రసెల్ వానకోటు ఇంట్లోనే వేలాడుతోంది. డిక్కీలో ఉన్నది టైరు మార్చేటప్పుడు తొడుక్కునే మెరుపుల పసుపుపచ్చ జాకెట్టు ఒక్కటే. అది తొడుక్కున్నాడు.

"ఛీ నాన్నా, రోడ్డు తవ్వేవాడిలా ఉన్నావు," అంది పదమూడేళ్ళ బెథనీ.

"నాకు నచ్చింది. అరటిపండులా ఉంది," అంది ఏడేళ్ళ మేబెల్.

ఇంతలో చిన్న కుక్కను పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. పేరు మిసెస్ హెబ్డెన్. రసెల్‌ని పైనుంచి కిందిదాకా చూసి, "ఈవేళ నడిపించేది నువ్వేనా నాయనా?" అని అడిగింది.

పిల్లల్ని నడిపించడానికి తండ్రికి ఇంకొకరి అనుమతి కావాలా అని రసెల్‌కి చురుక్కుమంది. ఆ ఏడాది అంతా అతనికి ప్రతి మాటా చురుక్కుమనే తగులుతోంది.

"నేనేనండీ. ప్రతి ఆదివారం నేనే," అన్నాడు గట్టిగా.

"హమ్మయ్య," అని ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యూపింది. కార్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మొదటి గేటు దగ్గర రసెల్ బూటు లేసు కట్టుకోవడానికి ఆగాడు. తలెత్తి చూస్తే వెనకాల ఒక గుంపు ఆగి ఉంది. కవలల బండి తోస్తున్న కుర్ర దంపతులు, చేతికర్రల ముసలాళ్ళు, ఒకే రంగు టోపీల అక్కచెల్లెళ్ళు, అందరూ అతను లేస్తాడా అని చూస్తున్నారు. నెలనెలా జరిగే కుటుంబాల నడక ఆవేళే ఉందనీ, అలాంటి పసుపు జాకెట్టే తొడుక్కుని దాన్ని నడిపించే పెద్దమనిషి జ్వరంతో మంచం దిగలేదనీ, ఆ కబురు ఎవరికీ అందలేదనీ రసెల్‌కి తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే, వీళ్ళు తననే నమ్ముకున్నారని.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడే మేబెల్ అతని చెయ్యి పట్టుకుని, "నాన్నా, నువ్వు వీళ్ళందరికీ లీడర్‌వా?" అంది. ఆ కళ్ళల్లో అంత వెలుగు రసెల్ ఈమధ్య ఫెర్గస్ పేరు వచ్చినప్పుడే చూశాడు. నోరు మూసుకున్నాడు.

"చెప్పెయ్ నాన్నా," అంది బెథనీ పళ్ళు బిగించి.

"చెప్తా. ఆ గేటు దాటాక."

ఆ గేటు దాటాక ఇంకో గేటు వచ్చింది. ఈలోగా మేబెల్ అక్క ఫోను లాక్కుని, "అమ్మా, నాన్న పెద్ద లీడర్! స్కెల్బీలో అందరూ నాన్న వెనకాలే వస్తున్నారు!" అని చెప్పేసింది. అవతల ఫిలిపా "ఎవరి వెనకాల?" అని రెండుసార్లు అడిగింది. పక్క వీధి కొట్టుకి వెళ్ళినా దారి తప్పే మనిషితో ఫిలిపా చాలా ఏళ్ళు కాపురం చేసింది.

"ఆ దిబ్బ ఏమిటి నాయనా?" అని మిసెస్ హెబ్డెన్ అడిగితే, "రోమన్లది," అన్నాడు రసెల్. ఒకప్పుడు రోమన్లు ఏలిన యార్క్ చుట్టుపక్కల ఏ దిబ్బని చూపించి రోమన్లదన్నా ఎవరూ కాదనరు. అది పేడదిబ్బ అని దగ్గరికి వెళ్ళాక తెలిసింది. కుక్కకి ముందే తెలిసినట్టుంది.

ఏరు పొంగి గట్టు మీది బాట మునిగిపోయి ఉంది. రసెల్ తడుముకోకుండా ఎడమవైపు చెయ్యి చాపాడు. ఎందుకు ఎడమ అంటే, కుడివైపు నీళ్ళున్నాయి. ఎడమవైపు పొలంలో కోడెలున్నాయి. వయసులో ఉన్న కోడెలు. మనుషుల్ని చూస్తే ఉత్సాహం వాటికి. మొదట ఒకటి వెంటబడింది, తర్వాత దాన్ని చూసి ఇంకోటి, తర్వాత మంద మొత్తం.

"పరిగెత్తకండి! నెమ్మదిగా నడవండి!" అని అరిచాడు రసెల్, అందరికంటే ముందు పరిగెత్తుతూ.

కవలల బండి, ఒక్క మనిషే పట్టే సందుగేటులో ఇరుక్కుపోయింది. దాన్ని లాగబోయి కుర్రతండ్రి బురదలో కూలబడ్డాడు. టోపీ అక్కచెల్లెళ్ళు ముళ్ళకంచెలోంచి దూరి, టోపీలు లేకుండా అవతల తేలారు. అందరూ పడుతూ లేస్తూ ఒక రాతిగోడ ఎక్కి దిగేసరికి చర్చి సమాధుల మధ్య ఉన్నారు. వాన కుండపోతగా మారింది. పక్కనే ఒక హాలు, తలుపు తీసి ఉంది, లోపల దీపాలు, టీ వాసన.

"నాన్న మనకి టీ కూడా పెట్టించాడు!" అంది మేబెల్.

గుమ్మంలో నల్లబట్టల ముసలావిడ వాళ్ళ బురదనూ, తడిసిన తలల్నీ చూసి చేతిలో ట్రే పక్కన పెట్టేసింది. ఆవిడ పేరు ఈనిడ్. పొద్దున్నే భర్త విల్ఫ్‌ని మట్టి చేసి వచ్చింది. అంత్యక్రియలకి వచ్చేవాళ్ళ కోసం హాల్లో బల్లల నిండా గుడ్డు శాండ్‌విచ్‌లూ, పంది మాంసం కూరిన పై అనే రొట్టెలూ ఉన్నాయి కానీ, తినడానికి వచ్చినవాళ్ళు గోడవారగా నలుగురైదుగురే.

"ఇంత వానలో... మా విల్ఫ్ కోసమా?" అంది ఈనిడ్. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. "ఎవరూ రాలేదనుకుంటున్నా."

కాదనడానికి రసెల్‌కి గుండె చాలలేదు. మిగతావాళ్ళకి ఆకలి ఆగలేదు.

"మీకెలా పరిచయం బాబూ ఆయన?" అని అడిగింది ఈనిడ్, అతని చేతిలో టీ కప్పు పెడుతూ.

"నడకలో... ఆదివారాలు," అన్నాడు రసెల్.

"ఆదివారాలు సెల్బీ పట్నంలో చెల్లెలింటికి వెళ్ళొస్తానని చెప్పేవాడే," అంది ఈనిడ్.

"మా ఇంటికా? నా గడప తొక్కి ఎన్నేళ్ళయిందో!" అంది మూలనుంచి చెల్లెలు.

ఈనిడ్ కుర్చీలో కూలబడింది. తర్వాత, ఎవరూ అనుకోని విధంగా, నవ్వడం మొదలుపెట్టింది. "నడకకా! పిచ్చి మనిషి! నేనింకా ఎవతో ఉందనుకుని, ఇన్నేళ్ళూ..." అని ముక్కు తుడుచుకుంది. "ఒక్క మాట చెప్పు బాబూ. మీతో ఉన్నప్పుడు ఎలా ఉండేవాడు?"

అందరూ రసెల్ వైపు తిరిగారు. అతను జాకెట్టు జిప్పు పైకీ కిందకీ లాగాడు.

"మెల్లగా నడిచేవారండీ. అందరికంటే వెనక. పెద్దగా మాట్లాడేవారు కాదు. ఇంట్లోవాళ్ళకి చెప్పాల్సిన మాటలు ఆయన దగ్గర చాలా ఉన్నట్టుండేవి. ఎలా చెప్పాలో తెలిసేది కాదు. వారమంతా ఆదివారం కోసం చూసేవారు. ఆదివారం వచ్చాక ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు." అక్కడితో ఆపి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఈనిడ్ అతని చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముందునుంచీ విల్ఫ్ కోసం వచ్చి ఉన్న ఆ కొద్దిమందిలో, కిటికీ పక్కన ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒకావిడ మాత్రం శాండ్‌విచ్ సగంలో వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయింది.

ఆవిడ తెరిచిన తలుపులోంచే ఫిలిపా, ఫెర్గస్ లోపలికొచ్చారు. మేబెల్ ఫోను విన్నప్పటినుంచీ వెతుకుతున్నారట. ఫెర్గస్ మీద ఒక్క బురద చుక్క లేదు. చేతిలో పొడి మేజోళ్ళున్నాయి.

"రసెల్," అంది ఫిలిపా అందరికీ వినబడేలా, "నువ్వు లీడర్‌వి ఏమిటి? వీళ్ళెవరు?"

కవలల తండ్రి నోట్లోని శాండ్‌విచ్ నమలడం ఆపాడు. ఈనిడ్ తలెత్తింది.

"నాన్నే లీడర్ అమ్మా," అంది బెథనీ. నిదానంగా, కన్నార్పకుండా. "ఎప్పట్నుంచో. నీకు చెప్పలేదంతే. విల్ఫ్ తాతయ్య మాక్కూడా తెలుసు."

రసెల్ ఛాతీ పొంగింది. నా కూతురు నా పక్షం, గెలిచాను అనుకున్నాడు. వారమంతా అభ్యాసం చేసిన "కుదరదు" నాలుక కొసకి వచ్చేసింది.

వాన తగ్గాక ఫెర్గస్ అందర్నీ బయల్దేరదీశాడు. కార్లు ఆ హాలు వెనకాల గోడకి అవతలే ఉన్నాయి. మేబెల్ అతని భుజాలెక్కి కూర్చుంది. గుంపంతా అతని వెనకాల నడిచింది. బెథనీ మాత్రం తండ్రితో అరుగు మీద ఆగిపోయింది.

"థాంక్స్‌రా తల్లీ," అన్నాడు రసెల్. "నువ్వేం బెంగ పెట్టుకోకు. మిమ్మల్ని ఎడిన్‌బరో తీసుకెళ్ళనివ్వను. మీ అమ్మతో ఇప్పుడే చెప్పేస్తా."

"అమ్మ కాదు నాన్నా, అడిగింది నేను."

"ఏమిటి?"

"వెళ్దామని నేనే అడిగా. అమ్మ వద్దంది. నువ్వు తట్టుకోలేవంది." బెథనీ బూటుకి అంటిన బురదను మెట్టు అంచుకి గీరింది. "ఆదివారం వస్తోందంటే నాకు కడుపులో నొప్పి. నువ్వు సంతోషంగా ఉన్నట్టు నటిస్తావు. మేమూ నటిస్తాం. నాకది బాగా వచ్చేసింది. ఇందాక చూశావుగా."

రసెల్ అరుగు అంచున కూర్చున్నాడు. "మేబెల్ కూడానా?" అన్నాడు.

"అది నటించదు. దానికి నువ్వంటే నిజంగానే ఇష్టం. నాకూ ఇష్టమే నాన్నా. ఆదివారాలే కష్టం."

ఫిలిపా వెనక్కి వచ్చింది. దెబ్బలాటకి సిద్ధమై చేతులు కట్టుకుంది. "ఏం తేల్చుకున్నావ్?" అంది.

"వెళ్ళండి," అన్నాడు రసెల్.

ఆమె కూడబెట్టుకొచ్చిన జవాబులన్నీ మిగిలిపోయాయి. "సరే," అంది. తర్వాత, ఎందుకో, "జలుబు చేస్తుంది, ఆ జాకెట్టు విప్పు," అంది.

వేసవిలో పిల్లలు వెళ్ళిపోయారు. ఆ వారమే మిసెస్ హెబ్డెన్ ఫోన్ చేసింది. పాత లీడర్‌తో నడక మరీ చప్పగా ఉంటోందట, అందరూ రసెల్‌నే కావాలంటున్నారట, ఏ ఆదివారం వీలవుతుందో చెప్పమంది.

ఏ ఆదివారమైనా ఫరవాలేదన్నాడు రసెల్.